గట్టి బూటా, మెత్తటి బూటా? బాయి డ్యూటీకీ గుట్ట ఎక్కడానికీ సోల్ గట్టిదనం ఎంచుకోవడం ఎలా

మన సైట్‌లో ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచీల గురించే మాట్లాడుకుంటాం. కానీ గోదావరిఖనిలో అండర్‌గ్రౌండ్ డ్యూటీకి వెళ్లే మనిషి బాయి దిగే ముందు తన ఫోన్‌ను పైనే వదిలేస్తాడు. ఆయనతో పాటు కిందికి దిగేవి హెల్మెట్, క్యాప్ ల్యాంపు, సెల్ఫ్ రెస్క్యూయర్, బూట్లు. మొదటి మూడింటి గురించి ట్రైనింగ్‌లో బాగానే చెబుతారు. బూటు దగ్గరికి వచ్చేసరికి "సైజు ఎంత?" అనే ఒక్క ప్రశ్నతో పని అయిపోతుంది. ఈ ఆర్టికల్ ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న గురించి: బూటు ఎంత గట్టిగా ఉండాలి?

ఇది రాయడానికి కారణం మా బావమరిది. సింగరేణిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది, అండర్‌గ్రౌండ్ అన్నారు. కంపెనీ ఇచ్చే జత కాకుండా ఇంకో జత కొనుక్కుందామని నాకు ఫోన్ చేశాడు. "బావా, గట్టి బూటు కొనాల్నా, మెత్తటిది కొనాల్నా?" అని అడిగాడు. నేను ఏదో ఫోన్ రివ్యూ రాసుకుంటూ, సగం వింటూ, "గట్టిదే తీస్కో, ఎక్కువ రోజులు వస్తది" అన్నాను. షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా గట్టిది, ఎత్తుది కొన్నాడు. డ్యూటీకి ముందు అలవాటు చేసుకుందామని శ్రావణ మాసంలో రామగిరి ఖిల్లా ఎక్కాడు. ఎక్కడం బాగానే ఎక్కాడు. దిగేటప్పుడు తడి బండ మీద కాలు జారింది, చెయ్యి ఆనించాడు, మణికట్టు బెణికింది. రెండు వారాలు కట్టుతో తిరిగాడు. అదే జారుడు బాయిలో, పక్కన టబ్బులు నడుస్తుండగా జరిగి ఉంటే రెండు వారాలతో పోయేది కాదు.

తప్పు బూటుది కాదు, నా సలహాది. ఆ తర్వాత చదివి, అనుభవం ఉన్న కార్మికులను అడిగి తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం

ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ ఎక్కువ ఉంటే కెమెరా బాగున్నట్టే అని ఒకప్పుడు అనుకునేవాళ్లం. బూట్ల విషయంలో గట్టిదనం అలాంటి అంకెే. గట్టి బూటు అంటే మంచి బూటు కాదు, మెత్తటి బూటు అంటే నాసిరకం కాదు. కాలి కింద నేల ఎలాంటిది, ఒంటి మీద బరువెంత, కీళ్లు ఎంత వంగాల్సిన పని చేస్తాం అన్న మూడే గట్టిదనాన్ని నిర్ణయిస్తాయి. ధర నిర్ణయించదు.

ఈ గట్టిదనం లెక్క ఎక్కువగా కనిపించేది కొండల్లో నడిచేవాళ్ల బూట్లలో. యూరప్, అమెరికాల్లో పర్వతాల మీద పెద్ద జంతువులను వేటాడేవాళ్లు, వీపు మీద పదుల కేజీల బరువుతో రాళ్ల వాలుల్లో దిగాలి కాబట్టి, బూటు కొనే ముందు మొదట దీన్నే చూస్తారు. జర్మనీకి చెందిన మైండల్ కంపెనీ తన బూట్లను ఏ, ఏ/బీ, బీ, బీ/సీ, సీ, డీ అని వర్గాలుగా విడదీస్తుంది. ఏ అంటే చదునైన దారికి సరిపోయే మెత్తటి బూటు. బీ అంటే మామూలు కొండదారి. సీ అంటే దారి లేని రాళ్ల వాలు. డీ అంటే మంచు మీద ఇనుప ముళ్లు కట్టుకుని ఎక్కడానికి పనికొచ్చే, దాదాపు వంగని బూటు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కాబట్టి వేట బూటు మనకు అక్కర్లేదు. కానీ వాలు నేల, తడి, వదులు రాళ్లు, ఒంటి మీద బరువు, గంటల తరబడి నడక అన్నీ కలిసిన పని మన దగ్గరా ఉంది. దాన్ని రోజూ మూడు షిఫ్టుల్లో చేస్తున్నారు. అందుకే ఆ లెక్కను మన బాయిలకు, మన ఓపెన్‌కాస్టులకు తగ్గట్టు చూద్దాం.

గట్టిదనం ఒకటి కాదు, మూడు

షాపతను "ఇది గట్టి బూటు సార్" అన్నప్పుడు ఎక్కడ గట్టి అని అడగాలి. చూడాల్సిన చోట్లు మూడు.

1. సోల్ ముందుకు వంగడం. నడిచేటప్పుడు పాదం వేళ్ల మొదట్లో వంగుతుంది. బూటు కూడా సరిగ్గా అక్కడే వంగాలి. పాదం మధ్యలో వంగితే అది నాసిరకం బూటు. ఎక్కడా వంగకపోతే మీరు చెక్క మీద నడుస్తున్నట్టే. బాగా గట్టి బూట్లకు ముందు భాగం కాస్త పైకి లేచి ఉండటానికి కారణం ఇదే: వంగలేదు కాబట్టి దొర్లేలా చేస్తారు.

2. సోల్ మెలి తిరగడం. తడిబట్ట పిండినట్టు బూటును మెలిపెడితే ఎంత తిరుగుతుందన్నది ఇది. వదులు రాళ్ల మీద పాదం ఒక పక్కకు ఒరిగినప్పుడు చీలమండను కాపాడేది ఈ గట్టిదనమే.

3. మెడ గట్టిదనం. అంటే చీలమండ చుట్టూ ఉండే పై భాగం. చాలామంది దీన్ని, సోల్‌ను ఒకటే అనుకుంటారు. సోల్ మెత్తగా, మెడ గట్టిగా ఉన్న బూట్లుంటాయి. సోల్ గట్టిగా, మెడ మెత్తగా ఉన్నవీ ఉంటాయి. ఆస్ట్రేలియాలోని వొలాంగాంగ్ యూనివర్సిటీ పరిశోధకులు అండర్‌గ్రౌండ్ బొగ్గు కార్మికుల బూట్ల మీద పరీక్షలు చేసినప్పుడు మెడ గట్టిదనాన్ని, సోల్ వంగుదలను విడివిడిగా మార్చి చూశారు. ఒకదాన్ని మార్చినప్పుడు రెండోదాన్నీ చూసుకోవాల్సిందే.

లోపల ఏముంటుంది?

ఫోన్‌లో ప్రాసెసర్ చూసినట్టు బూటులో చూడాల్సినవి ఇవి.

షాంక్: మడమకూ పాదం మధ్యకూ కింద ఉండే సన్నటి పట్టీ. స్టీల్, నైలాన్, ఖరీదైన వాటిలో కార్బన్ ఫైబర్. ఇది ఎంత పొడవు ఉంటే బూటు అంత గట్టి. వేళ్ల మొదట్లోపే ఆగిపోతే వేళ్లు వంగుతాయి, పాదం వంపుకు మాత్రం ఆసరా ఉంటుంది.

మిడ్‌సోల్: ఈవీఏ అయితే తేలిక, మెత్తన, త్వరగా అణిగిపోతుంది. పాలీయురేథేన్, అంటే పీయూ అయితే ఎక్కువ రోజులు పని చేస్తుంది. కానీ పీయూకి ఒక బలహీనత ఉంది: తేమకు నెమ్మదిగా లోపలే చెడిపోతుంది. ఏళ్ల తరబడి బీరువాలో దాచిన "కొత్త" బూటు మొదటి రోజే సోల్ ఊడి ముక్కలు కావడానికి కారణం అదే. పాత స్టాకు చవగ్గా వస్తుందని కొనకండి.

మేకు ఆపే పొర: స్టీల్ రేకు అయితే సన్నటి మేకును కూడా బాగా ఆపుతుంది, కానీ బూటును గట్టిపరుస్తుంది, పైగా సోల్ అంచుల దాకా రాదు. గట్టి నూలుతో నేసిన పొర అయితే చక్కగా వంగుతుంది, అడుగంతా కప్పుతుంది, కాకపోతే సన్నటి పదునైన మేకు ముందు స్టీల్ అంత నిలబడదు.

ముందు టోపీ: ఇది వేళ్లను కాపాడే స్టీల్ లేదా కాంపోజిట్ కప్పు. సేఫ్టీ బూటుకు ఉండే 200 జూల్స్ లెక్కకు అర్థం, 20 కేజీల బరువు మీటరు పైచిలుకు ఎత్తు నుంచి పడినా వేళ్లకు చోటు మిగలాలని. ఈ టోపీ వెనక అంచు ఎక్కడ ఆగుతుందో, బూటు ఎక్కడ వంగుతుందో రెండూ సరిపోవాలి. లేకపోతే గొంతుక్కూర్చున్న ప్రతిసారీ ఆ అంచు వేళ్ల మీద కోస్తుంది.

అండర్‌గ్రౌండ్ డ్యూటీకి

ఇంక్లైన్ వాలు 1:5 అనుకుందాం. అంటే 5 మీటర్లు ముందుకు పోతే 1 మీటరు కిందికి, సుమారు 11 డిగ్రీలు. ఆ వాలులో ఒక కిలోమీటరు నడిస్తే దాదాపు 200 మీటర్ల ఎత్తు దిగినట్టు. మ్యాన్‌రైడింగ్ ఉన్న చోట కొంత నడక తప్పుతుంది, కానీ అది దిగాక ఫేస్ దాకా నడకే. కింద తడి, బొగ్గు పొడి, పట్టాలు, స్లీపర్లు.

ఇలాంటి వాలులో పాదం మొత్తం నేలకు ఆనుతుంది. పైకి ఎక్కేటప్పుడు పిక్క ముందుకు ఒరగాలి, చీలమండ బాగా వంగాలి. మెడ మరీ గట్టిగా ఉంటే చీలమండ వంగదు. అది చేయాల్సిన పని మోకాలు, నడుము చేస్తాయి. షిఫ్టు చివర్లో "మోకాళ్లు లాగుతున్నయి" అనేవాళ్లు ఒకసారి బూటు మెడను కూడా అనుమానించాలి. దిగేటప్పుడు, ఎగుడుదిగుడు తడి నేల మీద వంగని సోల్ రెండు మూడు బిందువుల దగ్గరే ఆనుతుంది. కొంచెం వంగే సోల్ నేల ఆకారాన్ని పట్టుకుంటుంది. మా బావమరిది రామగిరిలో జారింది ఇందుకే: బండ తడిగా ఉంది, సోల్ చెక్కలా ఉంది.

కాబట్టి ఇంక్లైన్‌కు నా ఎంపిక: వేళ్ల దగ్గర వంగే, మధ్యలో వంగని సోల్, మెలికి మధ్యస్థం, మెడ చీలమండ దాటి ఉండాలి, ముందు పక్క మాత్రం మెత్తగా వంగాలి. పైన చెప్పిన వర్గాల్లో ఏ/బీకి, బీకి మధ్య అనుకోవచ్చు. సపోర్ట్ పనిలో, లైన్ పనిలో మాటిమాటికీ గొంతుక్కూర్చునేవాళ్లు ఏ/బీ వైపు మొగ్గాలి.

నీళ్లు నిలిచే చోట గమ్‌బూట్లు తప్పవు. వాటి సోల్ మెత్తన, మెడ వదులు, మడమ లోపల జారుతుంది. అంటే పాదం బూటులో ఒకసారి, బూటు నేల మీద ఒకసారి జారే అవకాశం. గట్టి ఇన్‌సోల్ వేసి, మందపాటి మేజోళ్లు తొడిగితే కొంత నయం. ఒక సైజు పెద్దది తీసుకోవడం మాత్రం వద్దు.

ఓపెన్‌కాస్టులో పని ఒకటి కాదు

ఓసీపీకి ఒకే బూటు అనడం సరికాదు. అక్కడ కనీసం రెండు రకాల కాళ్లుంటాయి.

డంపర్, షావెల్ ఆపరేటర్లు ఎక్కువసేపు క్యాబిన్‌లో ఉంటారు. పెడల్ ఎంత నొక్కామో పాదానికి తెలియాలి. అందుకు సోల్ ముందు భాగం మెత్తగా ఉండాలి. అయితే క్యాబిన్‌కు ఎక్కాలంటే నిచ్చెన. మెట్టు కమ్మీ సరిగ్గా పాదం వంపు కింద నొక్కుతుంది. అక్కడ షాంక్ లేకపోతే కొన్నాళ్లకు అరికాలు నొప్పి మొదలవుతుంది. కాబట్టి వీళ్లకు ముందు మెత్తన, మధ్యలో గట్టిది. మడమ ముందు స్పష్టమైన మెట్టు ఉండాలి, నిచ్చెన మీద కాలు ముందుకు జారకుండా అదే ఆపుతుంది.

బెంచీల మీద తిరిగే సర్వే, డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ సిబ్బంది సంగతి వేరు. పేల్చిన రాయి మీద ప్రతి అడుగూ కొత్త కోణంలో పడుతుంది. మెత్తటి సోల్ అయితే ప్రతి రాయి అంచు అరికాలికి తెలుస్తుంది, గంటలో పాదం అలసిపోతుంది. ఇక్కడ మెలి తిరగని, బీ లేదా బీ/సీ స్థాయి సోల్, చీలమండను పట్టే మెడ కావాలి. వేటగాళ్ల లెక్క మనకు సూటిగా పనికొచ్చే చోటు ఇదొక్కటే.

ఎండాకాలం ఇంకో మాట. మన దగ్గర మే నెలలో నల్లటి నేల ఎంత కాలుతుందో చెప్పక్కర్లేదు. పీయూ అడుగు కన్నా నైట్రైల్ రబ్బరు అడుగు వేడికి బాగా ఆగుతుంది. హెచ్ఆర్ఓ అని గుర్తు ఉంటే ఆ అడుగును 300 డిగ్రీల వేడి లోహం మీద ఒక నిమిషం పరీక్షించారని అర్థం.

సిమెంటు గచ్చు మీద రోజంతా నిలబడే వర్క్‌షాపు, పవర్‌ప్లాంటు ఉద్యోగులకు గట్టి సోల్‌తో పని లేదు. మంచి కుషన్ ఉన్న ఏ స్థాయి సేఫ్టీ షూ చాలు. సెలవు రోజు రామగిరి ఖిల్లా ఎక్కడానికి ఏ/బీ ట్రెక్కింగ్ షూ సరిపోతుంది.

బరువు లెక్క మరిచిపోవద్దు

55 కేజీల మనిషికి గట్టిగా అనిపించిన బూటు 90 కేజీల మనిషి కాలికి మెత్తగా ఉంటుంది. ఒంటి బరువు, మోసే సామాను కలిపి చూసుకుని, ఎక్కువైతే ఒక మెట్టు గట్టిది తీసుకోవాలి.

అలాగని బరువైన బూటు వద్దు. అమెరికా సైన్యం పరిశోధకులు 1969లో ప్రచురించిన పరీక్షల్లో, పాదానికి కట్టిన బరువు అదే బరువును ఒంటి మీద మోయడం కన్నా 4 నుంచి 6 రెట్లు ఎక్కువ శక్తి తీసుకుంటుందని తేలింది. జతకు 400 గ్రాములు తగ్గితే వీపు మీంచి సుమారు రెండు కేజీలు దింపినట్టు. షిఫ్టు చివర వాలు ఎక్కేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

షాపులో ఐదు నిమిషాల పరీక్ష

సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. డ్యూటీకి వేసే మేజోళ్లే తీసుకెళ్లండి.

1. వంచండి. మడమ ఒక చేత్తో, ముందు భాగం ఒక చేత్తో పట్టుకుని వంచితే వేళ్ల మొదట్లోనే వంగాలి.

2. మెలిపెట్టండి. సులువుగా తిరిగితే రాళ్లకు పనికిరాదు. అసలు తిరగకపోతే తడి వాలుకు ఆలోచించండి.

3. మెట్టు అంచున నిలబడండి. పాదం ముందు మూడో వంతు మాత్రమే మెట్టు మీద ఉంచి అర నిమిషం నిలబడండి. పిక్కలు వెంటనే వణికితే సోల్ మీ బరువుకు మెత్తన.

4. గొంతుక్కూర్చోండి. ఒక నిమిషం. టోపీ అంచు వేళ్లను కోసినా, మెడ పిక్కను నొక్కినా ఆ బూటు వద్దు.

5. వాలు దిగండి. షాపు బయట ర్యాంపు ఉంటే దాని మీద గబగబా దిగండి. బొటనవేలు టోపీకి తగిలితే సైజు లేదా ఆకారం తప్పు. లేసులు కట్టాక మడమ లోపల లేవకూడదు.

ఐదింటిలో మూడోదీ నాలుగోదీ ఒకదానికొకటి ఎదురు. రెండూ ఒప్పుకునే బూటే మీది.

రూల్స్ సంగతి

ట్రెక్కింగ్ బూటు ఎంత ఖరీదైనా డ్యూటీకి వేసుకోకూడదు. దానికి ముందు టోపీ ఉండదు. గనిలోకి రక్షణ పాదరక్షలతోనే వెళ్లాలని బొగ్గు గనుల నిబంధనలు చెబుతున్నాయి. సొంతంగా కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి: సేఫ్టీ బూట్లకు ఐఎస్ 15298 రెండో భాగం, గని కార్మికుల తోలు బూట్లకు ఐఎస్ 1989 మొదటి భాగం. కొనే ముందు మీ బాయి సేఫ్టీ ఆఫీసర్‌ను ఒక మాట అడగండి. అనుమతి లేని బూటు ఎంత సుఖంగా ఉన్నా ఇంటి దగ్గరే.

కొన్నాక

కొత్త బూటుతో నేరుగా పూర్తి షిఫ్టుకు వెళ్లొద్దు. వారం పది రోజులు ఇంట్లో, బజారుకు వేసుకుని తిరగండి. గట్టి బూటుకు ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. తడిస్తే లోపల న్యూస్‌పేపరు కుక్కి నీడలో ఆరబెట్టండి. పొయ్యి పక్కన, ఎండలో పెడితే తోలు బిగుసుకుని మెడ గట్టిపడుతుంది, జిగురు వదులుతుంది. టోపీ మీద ఒక్కసారి పెద్ద బరువు పడితే పైకి బాగానే కనిపించినా ఆ జత మార్చేయాలి.

షుగర్ ఉన్నవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గితే గట్టి బూటు ఒరుసుకుంటున్నా తెలియదు. డ్యూటీ దిగాక రోజూ రెండు పాదాలు, వేళ్ల సందులు చూసుకోండి. ఎర్రగా కందినా, పుండు కనిపించినా ఆ బూటు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఒక్క చూపులో

అండర్‌గ్రౌండ్ ఇంక్లైన్: సోల్ మధ్యస్థం, మెడ ముందుకు వంగేది.
నీళ్లున్న చోటు: గమ్‌బూటు, గట్టి ఇన్‌సోల్, సరైన సైజు.
డంపర్, షావెల్ ఆపరేటర్: ముందు మెత్తన, మధ్యలో షాంక్.
బెంచీ మీద సర్వే, డ్రిల్లింగ్, బ్లాస్టింగ్: గట్టి సోల్, మెలి తిరగనిది, పట్టున్న మెడ.
వర్క్‌షాపు, ప్లాంటు: మెత్తన, కుషన్.
సెలవు రోజు గుట్ట: తేలికపాటి ట్రెక్కింగ్ షూ.

మా బావమరిది చెయ్యి నయమయ్యాక ఇద్దరం కలిసి లక్ష్మీనగర్ వెళ్లాం. ఈసారి నేను ఫోన్ జేబులో పెట్టుకుని, వాడు మెట్టు అంచున నిలబడితే పక్కన నిలబడి చూశాను. నాలుగో జత దగ్గర ఆగాడు. మొదట కొన్న దానికన్నా అది తక్కువ ధర. నెల రోజుల డ్యూటీ తర్వాత ఎలా ఉందిరా అని అడిగితే, "బూటు సంగతి యాదికే వస్తలేదు బావా" అన్నాడు. బూటుకు ఇంతకన్నా మంచి రివ్యూ నాకు తెలియదు.